మొన దగ్గర గోరంత

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. నేను మాత్రం టేబుల్ మీద పాత జేబురుమాలు పరిచి, దాని మీద గోరంత ఉక్కు ముక్క పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. గోరంత అంటే నిజంగానే చిటికెన వేలి గోరంత. తెల్లారేసరికి ఈ కోపం సగం చల్లారిపోతుందని తెలుసు. అందుకే ఉండగానే రాసేస్తున్నా.

నేను చేసిన కత్తి మొన అది. తమ్ముడు విరగ్గొట్టాడు. ఇంకెవరు?

పెయింట్ డబ్బా మూత తియ్యడానికట. స్క్రూడ్రైవర్ పక్కనే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. కొమ్ము పిడి కత్తిని నేను నూనె రాసి కిటికీ దగ్గర ఆరబెట్టాను. వాడి కళ్ళకి అదే ఆనింది. మొన మూత అంచు కిందకి దోపి ఒక్క ఎత్తు ఎత్తాడు. నేను పక్క గదిలో ఉన్నాను. "టిక్" మని వినబడింది. పెద్ద చప్పుడేం కాదు, ఇంట్లో ఇంకెవరూ తల కూడా తిప్పలేదు. నాకు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

"అక్కా, కత్తన్నాక ఆమాత్రం మూత తియ్యలేకపోతే ఎందుకు?" అన్నాడు. నేనేం మాట్లాడకపోయేసరికి, "వంగుతుందన్నావుగా?" అన్నాడు.

మొదటి మాట పట్టించుకోను, వాడి నోరే అంత. రెండోదే నిద్ర పట్టనివ్వడం లేదు. ఎందుకంటే అన్నాను. గొప్పలు పోతూ అన్నాను. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో పెట్టారు, వాళ్ళ పరీక్షలో మనం కొట్టిన కత్తితో వేలాడే అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెంపాలి, రెండంగుళాల మందం నాలుగంగుళాల వెడల్పు చెక్కని రెండుసార్లు నరికి రెండు చెయ్యాలి, అప్పటికీ చేతి మీద వెంట్రుకలు గొరగాలి, చివరికి వైసులో బిగించి 90 డిగ్రీలు వంచినా విరక్కూడదు అని వాడికి చేతులు తిప్పుతూ చెప్పాను. అది పరీక్ష కోసమని వీపు మెత్తగా, అంచు గట్టిగా ఉండేలా చేసుకునే కత్తి అని చెప్పడం మర్చిపోయాను. మర్చిపోలేదు లెండి. చెబితే కథ చప్పబడుతుందని మింగేశాను.

అయినా సరే. కత్తి ఉన్నది కోయడానికి. మొన దగ్గర మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పక్కకి మెలితిప్పితే ఏ కత్తికైనా అక్కడే ప్రాణం పోతుంది. కత్తితో మూతలు తీసేవాళ్ళు, కత్తి పిడితో మేకులు కొట్టేవాళ్ళు, పింగాణీ పళ్ళెం మీద పెట్టి కోసేవాళ్ళు, తడి కత్తిని సింకులో పడేసి వెళ్ళిపోయేవాళ్ళు. వీళ్ళందరి మీదా నాకున్న అభిప్రాయం రాస్తే అమ్మ చదువుతుంది కాబట్టి ఆపుతున్నా.

ఇందులో నా బాధ ఇంకోటి ఉంది. పిడి ఈసారి కుదిరింది. మొదటిసారి కుదిరింది. దుప్పి తనంతట తాను రాల్చిన కొమ్ము అది, రెండేళ్ళు అటక మీద ఎండింది. (మన భాషలో ఆవు కొమ్మూ దుప్పి కొమ్మూ ఒకే మాట గానీ వస్తువులు వేరు. ఆవుది లోపల ఎముక, పైన గోరులాంటి తొడుగు, ఎప్పటికీ ఊడదు. దుప్పిది మొత్తం ఎముకే, ఏటా రాలి మళ్ళీ మొలుస్తుంది. అందుకే దాన్ని అరగదీస్తుంటే పళ్ళ డాక్టరు దగ్గర పన్ను రాపాడినప్పుడు వచ్చే కంపే. మాస్కు లేకుండా ఆ పొడి పీల్చకూడదు.) పైన గట్టిగా ఉన్నా లోపలంతా స్పాంజిలా గుల్ల. బెజ్జం వేసి, అరగంట నీళ్ళలో మరగబెట్టి, ఆ మెత్తదనం పోకముందే కత్తి తోకని, అంటే పిడిలోకి దూరే ఉక్కు కాడని, లోపలికి నొక్కితే, చల్లారేకొద్దీ తోక ఆకారానికే బిగుసుకుంటుంది. తరవాత ఊడదీసి, పూర్తిగా ఎండాక ఎపాక్సీతో అతికించాలి. అలుగుకీ పిడికీ నడుమ ఉండే ఇత్తడి బిళ్ళకీ కొమ్ముకీ మధ్య సందుందేమోనని దీపం ముందు పెట్టి చూశాను. వెలుతురు రాలేదు. ఇంతకుముందు చేసిన నాలుగింటిలోనూ వెంట్రుకవాసి సందు ఉండిపోయింది, ఎవరికీ కనబడదు, నాకు తప్ప.

సరే, విరిగిన ముక్క దగ్గరికి వస్తాను. పారేద్దామని తీసి, ఎందుకో భూతద్దం పెట్టి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

సరిగ్గా కాల్చి ముంచిన ఉక్కు విరిగితే, విరిగిన చోటు బూడిదరంగు మఖమల్ గుడ్డలా ఉంటుంది, రేణువు కంటికి ఆనదు. ఇది తళతళా మెరుస్తోంది. కల్లుప్పు పగలగొట్టినట్టుంది. అంటే కత్తి అతిగా కాగింది. అంటే వాడు మూత తీసేటప్పటికి చాలా ముందే, నా చేతుల్లోనే, సగం విరిగిపోయి ఉంది.

దీన్ని కాల్చి ముంచిన రాత్రి బాగా గుర్తుంది. ఇది 1084 ఉక్కు, నూటికి 0.84 పాళ్ళు కార్బన్. 770 డిగ్రీల దగ్గర ఇనుముకి అయస్కాంతం మీద మోజు పోతుంది, అంటించినా అంటదు. అక్కణ్ణుంచి ఇంకొక్క పిసరు, 815 దాకా తీసుకెళ్ళి గోరువెచ్చని నూనెలో ముంచెయ్యాలి. అంతకన్నా చాలా పైకి పోతే లోపలి రేణువులు ఒకదాన్నొకటి మింగి బలుస్తాయి. రంగు చూసి చెప్పాలంటే చుట్టూ చీకటి ఉండాలి. దీపం వెలుగులో ఎర్రగా కాగిందీ నల్లగానే కనిపిస్తుంది, ఇంకా కాగలేదనుకుని ఇంకా కాలుస్తాం. ఇవన్నీ నాకు తెలీనివి కావు, నేనే పదిమందికి చెప్పినవి.

కానీ ఆ రాత్రి ఆయన వీడియో తీస్తానన్నారు. "కొంచెం లైటుంటే బాగా వస్తుంది" అన్నారు. వెయ్యమన్నాను. పటకారుతో కత్తి ఎత్తి పట్టుకున్నప్పుడు, నూనెలోకి దించగానే లేచిన మంట, ఆ పొగ, నా మొహం మీద ఆ వెలుగు. ఎంత బాగా వచ్చిందో వీడియో! అందరికీ పంపాను. తమ్ముడికి ముందు పంపాను. ఆకురాయి వేసి చూస్తే అద్దం మీద జారినట్టు జారింది, గట్టిపడిందని ఎగిరాను. ఆకురాయి గట్టిదనమే చెబుతుంది, లోపల రేణువు సంగతి దానికేం తెలుసు? 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండు విడతలు మళ్ళీ కాచాను కూడా, అది మాత్రం తూచా తప్పలేదు. కానీ బలిసిన రేణువుని ఆ కాపు ఏమీ చెయ్యలేదు.

ఇందాక ఆ వీడియో మళ్ళీ పెట్టి చూశాను. కెమెరా రంగులు నమ్మడానికి లేదు గానీ, కత్తి నారింజ కూడా దాటింది. నా వెనక అలమర మీద అయస్కాంతం ఉంది, తీగకి కట్టినట్టే ఉంది. వీడియో మొత్తంలో నా చెయ్యి ఒక్కసారి కూడా అటు పోలేదు.

కాబట్టి తమ్ముడికి సారీ చెప్పాలా? ఆలోచించాను. చెప్పను. రేణువు ఎంత సన్నగా ఉన్నా మూత తీసినందుకు ఆ మొన వంగో విరిగో ఉండేదే. కాకపోతే ఇంత ముక్క పోయేది కాదేమో. వాడి తప్పులో నా వాటా ఎంత అని పాళ్ళు వేసుకుంటూ కూర్చోవడం కూడా ఒక రోగమే.

మొనదేముంది, వీపు వైపు నుంచి అరగదీసి కొత్త మొన తెచ్చుకోవచ్చు, మధ్యమధ్య నీళ్ళలో ముంచుకుంటూ. కత్తి కాస్త పొట్టిదవుతుంది, అంతే. కానీ ఆ కల్లుప్పు ఈ ముక్కలోనే కాదు, అలుగు పొడుగునా ఉంటుంది. దాన్ని బాగుచెయ్యాలంటే మళ్ళీ కొలిమిలో పెట్టి, మూడుసార్లు కాచి మెల్లగా ఆరనిచ్చి, అప్పుడు మళ్ళీ నూనెలో ముంచాలి. దానికి ముందు పిడి ఊడదియ్యాలి. ఎపాక్సీ పట్టిన కొమ్ము క్షేమంగా ఊడదు, పగలగొట్టాల్సిందే. వెలుతురు రాని ఆ ఒక్క అతుకుని. ఇంకో కొమ్ముంది గానీ దాని వంపు ఇలా అరచేతిలో ఒదగదు.

రేపు చూద్దామని కత్తిని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాను. సుత్తి కూడా తీసి పక్కన పెట్టాను, మళ్ళీ తీసేశాను.

పడుకోబోతూ ఆ పెయింట్ డబ్బాకి మూత పెట్టాడో లేదోనని వెళ్ళి చూశాను. పెట్టలేదు. పైన మీగడ కట్టింది.