సాగర్ ఒడ్డున ఇద్దరు

హైదరాబాద్‌లో పని మధ్యాహ్నానికే తెమిలిపోయింది. రైలు రాత్రికి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఎన్టీఆర్ ఘాట్, పీవీ జ్ఞానభూమి రెండూ చూసేద్దామని బయల్దేరాను.

ఎన్టీఆర్ ఘాట్ దగ్గర జనం బాగానే ఉన్నారు. ఓ పెద్దాయన చెప్పులు విడిచి, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకుని, సమాధి చుట్టూ ఏకంగా ప్రదక్షిణం చేశారు. పలకరిస్తే, "రెండు రూపాయల బియ్యం తిన్నోళ్లం బాబూ" అని ముందుకెళ్లిపోయారు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన మనిషి గురించి నేను చదివిన విశ్లేషణలన్నీ ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చిన 1985 నాటి సవరణ అంతకన్నా పెద్ద పని అంటాను నేను. ఆ మాట ఆయనతో అనే ధైర్యం చాల్లేదు.

ఎదురుగా నీళ్ల మధ్య బుద్ధుడు. ఎన్టీఆర్ తలపెట్టిందే. 1990లో పడవ మీద తీసుకెళ్తుంటే మునిగిపోయింది. 1992లో నిలబెట్టేనాటికి ఆయన అధికారంలో లేరు.

ఆటో ఎక్కి "పీవీ జ్ఞానభూమి" అంటే, "నెక్లెస్ రోడ్‌లనే గదన్నా, కూసో" అన్నాడు డ్రైవర్. అక్కడ సందడి లేదు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు గట్టు మీద కూర్చుని ఉన్నారు. భూసంస్కరణలు తలకెత్తుకుని, జై ఆంధ్ర ఉద్యమం నడుమ 1973లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు పీవీ. 1984లో హనుమకొండలో జంగారెడ్డి చేతిలో ఓడారు. రాజకీయాలకు సెలవు చెప్పబోతుండగా 1991లో ప్రధాని అయ్యారు. బాబ్రీ మచ్చ అలాగే ఉంది. 2004లో ఢిల్లీలో ఆయన భౌతికకాయం సొంత పార్టీ ఆఫీసు గేటు దాటలేదు. భారతరత్న 2024లో వచ్చింది. నా ఉద్యోగం ఆయన పరిశ్రమలకు లైసెన్సులు ఎత్తేశాక పుట్టిందే. కానీ ఎత్తేసిన లైసెన్సు కంచంలో కనబడదు, బియ్యం కనబడతాయి.

కుర్రాళ్లతో మాటల్లో పీవీ పోటీ చేసిన నంద్యాల ఉపఎన్నిక వచ్చింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని 1991లో అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదని చెప్పాను.

"ప్రత్యర్థి కదా సార్, నిజంగానే వదిలేశారా?"

"వదిలేశారు. పీవీ మెజారిటీ అయిదు లక్షల పైచిలుకు."

నమ్మకం కుదరలేదేమో, వెంటనే ఫోన్ తీసి వెతకడం మొదలెట్టాడు.