మైకు ఆగినా పాట ఆగలేదు
నిన్న రాత్రి విశాఖ బీచ్ రోడ్డులో ఓ పబ్‌లో ఒకమ్మాయి గిటార్ పట్టుకుని తను రాసుకున్న తెలుగు పాటలే పాడింది. మొదటి రెండు పాటలకి ఎవరూ తలెత్తలేదు. ఆ తర్వాత వేటకెళ్లిన నాన్న కోసం జాలరిపేట ఒడ్డున ఎదురుచూసే పిల్ల పాట. అచ్చంగా మన యాసలోనే. మధ్యలో మైకు పోయింది. ఆమె ఆగలేదు, గిటార్ తీగల మీద అరచెయ్యి ఆనించి వట్టి గొంతుతో పాడింది. గ్లాసులు తీసే కుర్రాడు ట్రేతో అలాగే నిలబడిపోయాడు. నాకైతే కళ్లు తడిశాయి.

1910లో శ్రీశ్రీ పుట్టిన ఊరు, వంగపండు గజ్జె కట్టి పాడిన ఉత్తరాంధ్ర ఇది. సొంత మాట పాడేవాళ్లకి ఇక్కడ వారానికో సాయంత్రమైనా దొరకాలి.

వెళ్లేముందు, "ఆ చివరి చరణం మళ్లీ పాడతారా అండీ?" అని అడిగాను. పాడింది.