మిగతాది ఎక్కడికి పోయింది?

కమిటీ వాళ్ళు గ్రూపులో మెసేజ్ మీద మెసేజ్ పెట్టి, అది చాలదన్నట్టు మానిటరు చేత ఫోన్ కూడా చేయించారు, మన బ్యాచ్ సమావేశం సంచిక ప్రెస్సుకి వెళ్ళిపోతోంది నువ్వొక్కదానివే బాకీ అని. ఇంక తప్పక కూర్చున్నాను. స్పోర్ట్స్ గురించైనా రాయి, యానివర్సరీ నాటకం గురించైనా రాయి అన్నారు. స్పోర్ట్స్ గురించి నేనేం రాస్తాను, మీకు తెలియదా. నాటకం సంగతి తెర కింద పడ్డవాళ్ళే రాస్తే బాగుంటుంది. తొమ్మిదో క్లాసయితే నాకు మొత్తం తుడిచేసినట్టు పోయింది, మన క్లాస్ టీచర్ ఎవరో కూడా నా బెంచీ స్నేహితురాల్ని, మనం డెసిమల్ అని పిలిచేదాన్ని, అడిగి తెలుసుకున్నా. నాకు గట్టిగా గుర్తున్నదల్లా కెమిస్ట్రీ సారు, అందులోనూ మోల్ లెక్కలు చెప్పిన ఆ టర్ము. మోల్ అంటే డజను లాంటి లెక్కే, కాకపోతే అణువులకి, ఒక్కో పదార్థానికి ఒక మోల్ బరువు ఒక్కోలా ఉంటుంది. అదే రాస్తున్నా, విసుగొస్తే పేజీ తిప్పేయండి.

సారు బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గళ్ళు చేసేవారు గుర్తుందా. ఎడమ గడిలో గ్రాములు, మధ్యలో మోల్స్, కుడివైపు మళ్ళీ గ్రాములు. ఎడమ నుంచి కుడికి ఒకేసారి దూకితే డస్టర్ వచ్చేది. మొదటిరోజే హైడ్రోజన్ ఆక్సిజన్ సమీకరణం రాసి, రెండు హైడ్రోజన్‌కి ఒక ఆక్సిజన్ అని ఉంది కదా, మరి 2 గ్రాముల హైడ్రోజన్‌కి ఎన్ని గ్రాముల ఆక్సిజన్ కావాలి అని అడిగితే వెనక బెంచీ అంతా ఒక్క గొంతుతో "ఒక గ్రామ్ సార్" అంది. సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. "గుణకాలు గ్రాములు కావురా! అవి ఎన్ని అనేదానికి లెక్క, ఎంత బరువు అనేదానికి కాదు" అని, 4 గ్రాముల హైడ్రోజన్‌కి 32 గ్రాముల ఆక్సిజన్, కలిపితే 36 గ్రాముల నీళ్ళు అని పెద్దక్షరాలతో రాశారు. అంటే 2 గ్రాములకి 16. ఒకటికీ పదహారుకీ ఎంత తేడానో ఆ పీరియడ్ అయ్యేదాకా చెప్తూనే ఉన్నారు.

అదే నీళ్ళ మీద తర్వాతి వారం ఒక ఘనుడు ఒక మోల్ వాయువుకి చెప్పే 22.4 లీటర్ల లెక్కని నీళ్ళకి వాడి 18 మిల్లీలీటర్లని 22.4 లీటర్లు చేశాడు, వాడి పేరు నేను రాయను, అసలు వాడి పేరు మీలో సగంమందికి గుర్తుండదు కూడా, నంబరే గుర్తుంటుంది. వాయువులకిరా, వాయువులకి! అని సారు అరిచిన అరుపు పక్క సెక్షన్‌లో కూడా వినిపించిందట.

సారుకి ఆన్సర్ వస్తే సరిపోయేది కాదు, సరిచూసుకోవాలి. 28 గ్రాముల నైట్రోజన్, 3 గ్రాముల హైడ్రోజన్ కలిపితే అమోనియా ఎంత వస్తుంది అని ఒకసారి ఇచ్చారు. నైట్రోజన్ ఒక మోల్ ఉంది, దానికి హైడ్రోజన్ మూడు మోల్స్ కావాలి, ఉన్నది ఒకటిన్నరే, కాబట్టి హైడ్రోజన్ ముందు అయిపోతుంది, అమోనియా ఒక మోల్, 17 గ్రాములు. డెసిమల్ అందరికంటే ముందు చెప్పేసి కూర్చోబోతుంటే సారు "కూర్చోకు, 31 గ్రాములు పోశాను నీకు, 17 చూపిస్తున్నావు, మిగతాది ఎక్కడికి పోయింది?" అన్నారు. 14 గ్రాముల నైట్రోజన్ అలాగే మిగిలిపోయింది సార్ అనేదాకా కూర్చోనివ్వలేదు. అప్పట్నుంచి ఆ ప్రశ్న మనకి ఊతపదం అయిపోయింది, లంచ్ బాక్స్ తెరిచినా అదే, చాక్‌పీసు విరిగినా అదే.

ఇక అసలు సంగతి, మెగ్నీషియం ప్రాక్టికల్. దీన్ని ఎవరూ రాయలేదని ఎడిటర్ గారు చెప్పారు, నాకు నమ్మబుద్ధి కాలేదు. నా రికార్డు ఇంకా నా దగ్గర ఉంది కాబట్టి అంకెలు దాన్లోంచే ఇస్తున్నా, ఎవరూ వాదించక్కర్లేదు.

రిబ్బన్‌ని గరుకు కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్ది, చుట్ట చుట్టి క్రూసిబుల్‌లో, అంటే మంటకి తట్టుకునే చిన్న మూత గిన్నెలో, వేశాం. మూతతో సహా ఖాళీ క్రూసిబుల్ 28.46 గ్రాములు, రిబ్బన్‌తో 28.94. అంటే మెగ్నీషియం 0.48 గ్రాము, 0.02 మోల్. అంతా మండితే ఆక్సైడ్ కూడా 0.02 మోల్, ఆక్సైడ్ మోల్ బరువు 40తో గుణిస్తే 0.80 గ్రాము రావాలి. ఇంతవరకూ కాగితం మీద ఎవరైనా చేస్తారు. చిక్కంతా మూత దగ్గర వచ్చింది. మూత ఎత్తితే తెల్లపొగ బయటికి పోతుంది, ఆ పొగే మనం తూచాల్సిన ఆక్సైడ్. ఎత్తకపోతే లోపలికి ఆక్సిజన్ అందదు. మా బెంచీలో పటకారు డెసిమల్ చేతిలో ఉంది, దానికి పొగ పోతుందన్న భయం ఎక్కువ, ఎప్పుడో ఒకసారి సన్నగా ఎత్తి టక్కున మూసేసేది, నేను ఎత్తు ఎత్తు అంటుంటే నన్ను ఉరిమి చూసేది. చల్లారాక తూచితే 29.22. అంటే 0.76 గ్రాము. నాలుగు సెంటీగ్రాములు లేవు.

పక్క బెంచీ వాళ్ళకి సరిగ్గా 0.80 వచ్చింది. వాళ్ళు మూత ఎత్తినప్పుడల్లా పొగ కిటికీ దాకా వెళ్ళడం మేమంతా చూశాం. సారు వాళ్ళ రికార్డు చూసి తిట్టకుండా "మీ క్రూసిబుల్ చాలా మంచిదమ్మా, బయటికి పోయిన పొగ కూడా తిరిగొచ్చి అందులోనే పడింది" అన్నారు. ఎవరి బెంచీయో వాళ్ళకి తెలుసు, వాళ్ళలో ఒకరు ఇప్పుడు కమిటీలోనే ఉన్నారు కాబట్టి ఈ లైను ఎడిటింగ్‌లో ఎగిరిపోతే ఎందుకో మీరే అర్థం చేసుకోండి.

మా దగ్గరికొచ్చి మామూలుగానే మిగతాది ఎక్కడికి పోయింది అన్నారు. పొగ సార్ అన్నాం. అంతా పొగేనా అని డ్రాపర్‌తో క్రూసిబుల్‌లో కొన్ని చుక్కలు నీళ్ళు వేసి, సన్నగా వేడి చేసి, తడిపిన ఎర్ర లిట్మస్ పైన పట్టుకోమన్నారు. కాగితం నీలంగా మారింది, దానికంటే ముందే ముక్కుకి ఘాటు తగిలింది, అమోనియా. గాల్లో ఎక్కువ ఉన్నది నైట్రోజనే కదా, ఆక్సిజన్ చాలకపోతే అంత వేడి మీద మెగ్నీషియం నైట్రోజన్‌ని కూడా పట్టుకుని నైట్రైడ్ అవుతుంది, నీళ్ళు తగిలితే అది హైడ్రాక్సైడ్ అయి అమోనియా వదుల్తుంది, మళ్ళీ గట్టిగా వేడి చేస్తే ఆ హైడ్రాక్సైడ్ కాస్తా ఆక్సైడ్ అవుతుంది. అలాగే మళ్ళీ మాడ్చి, చల్లార్చి తూచాం. 29.24.

బరువు 0.02 గ్రాము పెరిగింది. అప్పుడు సారు చేయించిన లెక్క ఉంది చూడండి, నా లెక్కలో ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే పాఠం. 72 గ్రాముల మెగ్నీషియం నైట్రైడ్ అయితే 100 గ్రాములు, అదే 72 ఆక్సైడ్ అయితే 120. అంటే ప్రతి 100 గ్రాముల నైట్రైడ్ ఆక్సైడ్‌గా మారితే 20 గ్రాములు పెరగాలి. మనకి 0.02 పెరిగింది కాబట్టి మొదట లోపల 0.10 గ్రాము నైట్రైడ్ ఉందన్నమాట. కంటికి కనపడని దాన్ని, విడిగా తీసి తూచడానికి కూడా వీలు లేనిదాన్ని, పెరిగిన రెండు సెంటీగ్రాములతో పట్టుకున్నాం. ఇంకా 0.02 తక్కువుంది కదా సార్ అంటే, ఇప్పుడు పొగ అను, ఒప్పుకుంటా అన్నారు. 0.80కి 0.78, అంటే 97.5 శాతం. రికార్డులో ఎర్రసిరాతో పదికి పది, పక్క బెంచీకి ఆరు. లావోయిజర్ అంతకన్నా ఏం చేశాడమ్మా, మూత పెట్టి మండించాడు, ముందూ తూచాడు వెనకా తూచాడు, కెమిస్ట్రీ మారిపోయింది అన్నారు వెళ్తూ వెళ్తూ.

టెన్త్ పరీక్షలు, సెండాఫ్, ఆ ఫొటో గొడవ వేరేవాళ్ళు రాసే ఉంటారు. నా సంగతి చెప్పాలంటే, ఇప్పుడు మందుల తయారీలో ప్రాసెస్ కెమిస్టుగా ఉన్నాను. ల్యాబ్‌లో ఫ్లాస్కులో చేసినదాన్ని పెద్ద రియాక్టరుకి తీసుకెళ్ళడం నా పని, గ్రాముల్లో చేసింది కిలోల్లో చేయాలి. కొత్తగా చేరిన పిల్లలు ఈల్డ్ (రావాల్సినదాంట్లో వచ్చినది) 88 శాతం మేడమ్ అని సంతోషంగా వస్తారు, నా నోట్లోంచి ఏం వస్తుందో మీకు తెలుసు. వాళ్ళు నన్ను వెనకాల "మిగతా మేడమ్" అంటారని ఈమధ్యే తెలిసింది. మదర్ లిక్కర్‌లో, అంటే సరుకు వడకట్టాక మిగిలిన ద్రవంలో, ఎంత ఉండిపోయింది, ఫిల్టర్ గుడ్డకి ఎంత అంటుకుంది, పక్క రియాక్షన్‌లో ఎంత పోయింది, అన్నీ రాసి మొత్తం కలిస్తేనే నేను సంతకం పెడతాను. సైజు పెరిగాక ఆ లెక్కతేలని రెండు శాతంలోనే ప్రమాదాలు దాక్కుంటాయి, ఇది మాత్రం సారు చెప్పలేదు, ఉద్యోగం నేర్పింది.

మనం బట్టీ పట్టినవి కొన్ని ఇప్పుడు లేవని తెలుసా. మా అమ్మాయి పుస్తకంలో ఎస్టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర మోల్ వాయువు 22.7 లీటర్లని ఉంది, ప్రెషర్ ఒక అట్మాస్ఫియర్ బదులు ఒక బార్ తీసుకుంటున్నారు, ఆ మార్పు ఎప్పుడో 1982లోనే వచ్చిందట, మన దాకా రాలేదంతే. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనే డెఫినిషన్ కూడా 2019 మే 20 నుంచి పోయింది, ఇప్పుడు సూటిగా 6.02214076 ఇంటూ 10 పవర్ 23 అని నంబరే ఫిక్స్ చేసేశారు. లెక్కలు మాత్రం అవే, గళ్ళు కూడా మూడే. మా అమ్మాయి ఎడమ నుంచి కుడికి దూకబోతే ఇంట్లో డస్టర్ లేదు కాబట్టి బతికిపోతోంది.

పోయిన నెల సారుకి ఫోన్ చేశాను. గొంతు అలాగే ఉంది, వినికిడి కాస్త తగ్గింది. నా ఉద్యోగం గురించి గట్టిగా అరిచి చెప్పాను, 88 శాతం సంగతి కూడా. "మదర్ లిక్కర్‌లో ఉండిపోయిందంటున్నావు, తూచావా, ఊరికే అంటున్నావా" అన్నారు. తూచాను సార్ అన్నాను. "ఎంత?" చెప్పాను. ఆయన నోటితోనే కూడుకుని "ఇంకా ఒకటిన్నర తక్కువొస్తోందే" అన్నారు. నిజంగానే వస్తోంది, మర్నాడు పిల్లల్ని కూర్చోబెట్టి మళ్ళీ చూపించమన్నాను, డ్రయ్యర్‌లో దొరికింది.

సమావేశానికి వస్తానన్నారు. మన బ్యాచ్‌లో ఎవరెవరు వస్తున్నారని అడిగి, పేర్లన్నీ విని, "నీళ్ళవాడు వస్తున్నాడా" అన్నారు. వస్తున్నాడు సార్ అని చెప్పేశాను, కాబట్టి 22.4, నువ్వు టికెట్ క్యాన్సిల్ చేసుకోడానికి వీల్లేదు.