సెర్చ్ బాక్సుకు అవతలి వైపు: ఒక లైబ్రరీ సైన్స్ ప్రాజెక్టు అనుభవం

రెండో సెమిస్టర్‌లో మాకిచ్చిన ప్రాజెక్టు పైకి తేలిగ్గానే కనిపించింది. ఒక అంశం ఎంచుకోవాలి, దాని మీద వెబ్‌లోనూ డేటాబేసుల్లోనూ దొరికినవాటితో గ్రంథసూచి తయారు చెయ్యాలి, కాపీరైట్ గొడవ లేనివాటిని మా ప్రాక్టీసు డిజిటల్ లైబ్రరీలోకి ఎక్కించాలి.

నేను పట్టుకున్న అంశం పాత పుస్తకాల కాగితం పెళుసెక్కిపోవడం. పంతొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి కాగితాన్ని గుడ్డపీలికలకు బదులు కలప గుజ్జుతో చెయ్యడం పెరిగింది. సిరా పాకకుండా పటిక, రోజిన్ అనే చెట్టు జిగురు కలిపేవాళ్లు. ఆ పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుట్టి పీచును లోపల్నుంచే తినేస్తుంది. అందుకే 1600ల నాటి పుస్తకం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది, 1900 నాటిది పేజీ తిప్పితే విరిగిపోతుంది.

దీన్ని మామూలు మాటల్లో, పాత పుస్తకాలు ఎందుకు పసుపుపచ్చగా అవుతాయి అని గూగుల్‌ని అడిగితే ఫలితాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఎండ తగలనివ్వొద్దు, వంటసోడా పెట్టండి అనే చిట్కాలే ఎక్కువ, మధ్యలో పాత పుస్తకాలు అమ్మేవాళ్లు. ఒక గ్రంథాలయ సంరక్షణ విభాగం పేజీలో మాత్రం ‘డీఅసిడిఫికేషన్’ అన్న మాట కనిపించింది, అంటే కాగితంలోని ఆమ్లాన్ని విరిచే పద్ధతి. ఆ ఒక్క మాటతో వెతికేసరికి స్క్రీన్ మొత్తం మారిపోయింది. చిట్కాలన్నీ పోయి పరిశోధన వ్యాసాలు, గ్రంథాలయాల నివేదికలు వరసగా వచ్చాయి. అక్కణ్నుంచి ఒక మంచి వ్యాసం పట్టుకుని దాని కీవర్డులు, దాని రిఫరెన్సులు, తర్వాత దాన్ని ఉదహరించినవాళ్లు ఎవరు అని అల్లుకుంటూ పోయాను. మా సబ్జెక్టులో దీన్ని ‘పెర్ల్ గ్రోయింగ్’ అంటారు. సిలబస్‌లో రెండు లైన్లకు మించి ఉండదు గానీ, ప్రాజెక్టులో సగం దీంతోనే నడిచింది.

ఒక్క మాటకు అంత బలం ఎక్కడిదంటే కారణం ఉంది. ఒక మాట ఎంత తక్కువ పత్రాల్లో కనిపిస్తే దానికి అంత ఎక్కువ బరువు ఇవ్వాలని 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. ‘పుస్తకం’, ‘కాగితం’ లాంటివి ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి కాబట్టి వాటితో ఏరడం కష్టం. ఇక లింకుల సంగతి. ఎక్కువమంది ఉదహరించిన వ్యాసానికి విలువ ఎక్కువన్న ఆలోచన లైబ్రరీ ప్రపంచానికి కొత్త కాదు. ఏ వ్యాసాన్ని ఎవరెవరు ఉదహరించారో చూపే సైటేషన్ ఇండెక్స్ గురించి యూజీన్ గార్ఫీల్డ్ 1955లో రాశారు, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. 1998లో గూగుల్ వ్యవస్థాపకులు బయటపెట్టిన పేజ్‌ర్యాంక్ అనే పేజీల ర్యాంకు పద్ధతిలో వెబ్ లింకులు దాదాపు అదే పని చేస్తాయి. క్లాసులో ఇది విన్నప్పుడు మావాళ్లు గూగుల్ కన్నా ముందున్నారని కాస్త గర్వంగానే అనిపించింది. కాకపోతే పదిమందీ లింకు ఇచ్చేది చిట్కాల పేజీకే, సంరక్షణ నిపుణుల నివేదికకు కాదు.

కొటేషన్ మార్కులు, మైనస్ గుర్తు, ఒక్క సైటులోనే వెతికించడం, పీడీఎఫ్‌లు మాత్రమే అడగడం లాంటివి అందరికీ తెలిసినవే. తెలిసీ ఎవరూ వాడరు, అది వేరే సంగతి.

డేటాబేసుల్లోకి విడిగా ఎందుకు వెళ్లాలని మొదట్లో విసుగొచ్చేది. సెర్చ్ ఇంజిన్ రోబో లింకులు పట్టుకుని పోతుందే గానీ, లైబ్రరీ కేటలాగ్‌లోని సెర్చ్ బాక్సులో మామూలుగా తనంతట తాను మాటలు టైప్ చేసి చూడదు. అలా అడిగితే తప్ప బయటికి రాని రికార్డులు దానికి చాలావరకు అందవు. పైగా మంచి డేటాబేసులో మన మాటకూ వాళ్ల మాటకూ వంతెన ఉంటుంది. ప్రాక్టికల్స్‌లో పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల డేటాబేసులో ‘హార్ట్ ఎటాక్’ అని కొట్టి, అడ్వాన్స్‌డ్ పేజీలో సెర్చ్ వివరాలు తెరిచి చూశాం. అది తనే దాన్ని ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అన్న అధికారిక శీర్షికకు కలిపి వెతికింది. ఆ శీర్షికల పట్టికను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంవాళ్లు 1960 నుంచీ పెంచుకుంటూ వస్తున్నారు. నా అంశానికి అలాంటి వంతెన దొరక్క మాటలన్నీ చేత్తోనే కూడబెట్టాను.

అసలు టెన్షన్ పుస్తకాలను లైబ్రరీలోకి ఎక్కించేటప్పుడు మొదలైంది. మేం వాడింది డీస్పేస్, 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి విడుదల చేసిన ఉచిత డిజిటల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్. ప్రతి పుస్తకానికీ డబ్లిన్ కోర్ అనే ప్రామాణిక వివరాల ఫీల్డులు నింపాలి. మూలంలో ఉన్నవి పదిహేనే: శీర్షిక, కర్త, విషయం, తేదీ, భాష, హక్కులు ఇలా. పదిహేనేగా అనుకుంటే కర్త దగ్గరే బండి ఆగింది. మా శాస్త్రానికి పెద్దదిక్కు అయిన రంగనాథన్‌నే తీసుకోండి. ఒక చోట ఎస్.ఆర్. రంగనాథన్, ఇంకో చోట రంగనాథన్ కామా ఎస్.ఆర్., మరో చోట శియాళి రామామృత రంగనాథన్. మనిషి ఒక్కడే, మెషిన్‌కి ముగ్గురు. ఏదో ఒక రూపం ఖాయం చేసి మిగతావన్నీ దానికి కట్టకపోతే, కర్త పేరు మీద నొక్కిన పాఠకుడికి మూడోవంతు పుస్తకాలే కనిపిస్తాయి, మిగతావి ఉన్నాయన్న అనుమానమే రాదు.

తేదీ ఇంకా చిత్రం. 1908లో అచ్చయిన ఒక పుస్తకానికి మేం దించుకున్న రికార్డులో స్కాన్ చేసిన సంవత్సరం ఉంది. అలాగే వదిలేస్తే, 1950కి ముందువి చూపించమని ఫిల్టర్ పెట్టినవాడికి అది ఎన్నటికీ దొరకదు. స్కాన్ బొమ్మలోంచి ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ చదివి తీసిన అక్షరాలూ అంతే. పాత టైపులో ప, వ మసకబారితే ఒకదాన్ని ఇంకోటిగా చదువుతుంది. పేజీ మనకు చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, వెతుకులాటలో మాత్రం ఆ మాట లేనట్టే.

ఎక్కించేవాళ్ల వైపు కూర్చున్నాక నా వెతుకులాట పద్ధతే మారింది. ఫలితం రాకపోతే ఇప్పుడు ‘లేదు’ అనుకోను. అవతలి మనిషి ఏ పేరుతో, ఏ తేదీతో ఎక్కించి ఉంటాడా అని ఆలోచిస్తాను. సబ్జెక్ట్ ఫీల్డు ఖాళీగా వదిలేసే బద్ధకస్తులు ఎందరున్నారో కూడా తెలిసింది.

వైవాలో మేడమ్ అడిగిన ప్రశ్న ఒక్కటే నన్ను తిప్పలు పెట్టింది: “మీ రీకాల్ ఎంత?” వచ్చినవాటిలో పనికొచ్చేవి ఎన్నో లెక్కపెట్టొచ్చు, అది ప్రెసిషన్. రీకాల్ అంటే పనికొచ్చేవి ఉన్నవాటన్నిటిలో ఎన్ని వచ్చాయన్నది, అది చెప్పాలంటే ముందు అలాంటివి మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియాలి. వెతుకులాట పద్ధతులు ఎంత బాగా పనిచేస్తాయో కొలవడానికి సిరిల్ క్లెవర్డన్ 1960లలో క్రాన్‌ఫీల్డ్ ప్రయోగాలు చేసినప్పుడు పత్రాల సేకరణ ఆయన చేతిలోనే ఉంది. వెబ్‌కు ఆ హద్దెక్కడ? సెర్చ్ ఇంజిన్, డేటాబేసులు ఇచ్చిన పనికొచ్చే ఫలితాలన్నీ ఒక కుప్పగా పోసి, దానితో పోల్చి సాపేక్ష రీకాల్ చెప్పాను. ఆవిడ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

సమర్పించే ముందు లింకులన్నీ మళ్లీ నొక్కి చూస్తే కొన్ని చచ్చిపోయి ఉన్నాయి. డీఓఐ, అంటే వెబ్ అడ్రసు మారినా మారని గుర్తింపు సంఖ్య, ఉన్న వ్యాసాలతో పేచీ రాలేదు. మిగతావాటిలో కొన్ని పాత ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో దొరికాయి. అక్కడా లేనివాటిని నేను చూసిన తేదీ వేసి జాబితాలో ఉంచేశాను. మార్కులు ఇంకా రాలేదు.