చిన్న మంచు బండి: ముందు తోయాలి, ఆ తర్వాతే కల్లుప్పు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి కెనడాకో, అమెరికా ఉత్తర రాష్ట్రాలకో చదువుకు వెళ్ళిన పిల్లల్లో కొందరికి చలికాలంలో దొరికే పని కాలిబాటల మీద మంచు తీయడం. కాలేజీ ఆవరణలో, ఆసుపత్రి ముందర, మాల్ పార్కింగులో చిన్న బండి ఎక్కి తోసుకుంటూ పోవాలి. ఇంటి దగ్గర మామిడితోటలో మినీ ట్రాక్టర్ తిప్పినవాళ్ళకు బండి నడపడం కష్టం కాదు. తిప్పలు పెట్టేది ఉప్పు లెక్క. ఎక్కువ చల్లితే ఎక్కువ కరుగుతుందనుకునేవాళ్ళే ఎక్కువ, పాత సూపర్‌వైజర్లతో సహా.

ముందు బండి సంగతి. కాలిబాట నాలుగైదు అడుగులే ఉంటుంది కాబట్టి బండి వెడల్పు మూడు, నాలుగు అడుగులు దాటదు. వెంట్రాక్ ఎస్ఎస్‌వీ, బాస్ స్నోరేటర్ లాంటివి వెనక మెట్టు మీద నిలబడి నడిపేవి. మాటిమాటికీ దిగి ఎక్కాల్సిన పనికి ఇవే సుఖం. సీటు మీద కూర్చుని నడిపేవి ఇంకో రకం. చాలావరకు హైడ్రోస్టాటిక్ గేర్‌తో, అంటే నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే ఏర్పాటుతో వస్తాయి, క్లచ్ ఉండదు. చలిలో ఆ నూనె చిక్కబడుతుంది. స్టార్ట్ చేసిన వెంటనే లీవర్ నెట్టకుండా ఐదు నిమిషాలు ఇంజన్‌ను ఊరికే తిరగనివ్వాలి.

ముందు తగిలించే సామాను మంచును బట్టి మారుతుంది. రెండంగుళాల లోపు పొడి మంచుకు తిరిగే బ్రష్ చాలు, నేల కూడా శుభ్రంగా తేలుతుంది. ఆరంగుళాల దాకా బ్లేడు. అంతకు మించినా, గాలికి కుప్పపడినా మంచును లోపలికి లాగి దూరంగా విసిరే బ్లోయర్. బ్రష్‌ను నేలకేసి గట్టిగా అదిమితే బాగా ఊడుస్తుందన్నది ఉత్త భ్రమ. ఒకే చోట కొన్ని సెకన్లు తిప్పి ఎత్తి చూడండి. నేల మీద రెండు నుంచి నాలుగంగుళాల పట్టీ కనిపిస్తే ఎత్తు సరిపోయినట్టు. అంతకన్నా వెడల్పుంటే కుచ్చు వంగిపోయి ఊరికే అరుగుతోంది.

బ్లేడుకు వెనక ట్రిప్ స్ప్రింగులుంటాయి. కాలిబాట పలకల అంచు ఎక్కడో ఒకచోట లేచే ఉంటుంది, మంచు కింద అది కంటికి ఆనదు. తగిలినప్పుడు బ్లేడు ముందుకు వంగి మళ్ళీ లేవాలి. చప్పుడవుతోందని స్ప్రింగును పూర్తిగా బిగిస్తే ఆ దెబ్బ నడిపేవాడి ఛాతీకి తగులుతుంది. ఇటుక పరిచిన దారి అయితే ఇనుప అంచు తీసి రబ్బరుదో పాలీయురథేన్‌దో వేసుకోవాలి.

బ్లోయర్‌లో ఆగర్‌కు, అంటే మంచును లోపలికి లాగే మరలాంటి రెక్కకు, షియర్ బోల్టు ఉంటుంది. రోటవేటర్ షాఫ్టులో ఉండేదాని పనే దీనిదీ: రాయి పడితే తాను తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. రెండుసార్లు తెగిందని గట్టి బోల్టు వేశారంటే మూడోసారి గేర్‌బాక్సే పోతుంది. బండిలో విడి బోల్టులు నాలుగు పెట్టుకోండి.

తడి మంచు చ్యూట్‌లో, అంటే మంచు బయటికి పోయే గొట్టంలో, ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, తాళం తీసి, లోపలి భాగాలు పూర్తిగా ఆగాక కర్రతోనే గెలకాలి. ఇంజన్ ఆగినా ఆగర్ బెల్టులో బిగువు మిగిలే ఉంటుంది. అడ్డు తొలగగానే ఆ రెక్క ఒక్క విసురు తిరుగుతుంది. ఏటా ఆ దేశాల్లో వేళ్ళు పోగొట్టుకునేవాళ్ళలో ఇంజన్ ఆపిన తర్వాత చెయ్యి పెట్టినవాళ్ళూ ఉంటారు.

ఇక ఉప్పు. నీళ్ళలో ఉప్పు కలిస్తే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగుతుంది, అంతే కిటుకు. ఆ దిగడానికి హద్దుంది. మామూలు కల్లుప్పు, అంటే సోడియం క్లోరైడ్, నేల సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ ఉండే వరకే పనికొస్తుంది. మైనస్ 1 దగ్గర కిలో ఉప్పు దాదాపు 46 కిలోల ఐసును ఐదు నిమిషాల్లో కరిగిస్తుంది. మైనస్ 7 దగ్గర అదే కిలో ఎనిమిదిన్నర కిలోలు, ఇరవై నిమిషాలు. మైనస్ 9 దగ్గర ఆరు కిలోలే, అదీ గంట. ఈ మూడు అంకెలు గుర్తుంటే ఆరంగుళాల మంచు మీద ఉప్పు పోయడం ఎంత దండగో ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్లేడుతో తోసేశాక నేలకు అంటుకుని మిగిలిన పలుచటి పొరకే ఉప్పు.

చూడాల్సింది గాలి ఉష్ణోగ్రత కాదు, నేలది. మబ్బు లేని రాత్రి తెల్లవారుజామున నేల గాలికన్నా చల్లగా ఉంటుంది, వంతెనల మీద మరీను. తాకకుండానే నేల ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి జేబులో ఉండాలి. నేల మైనస్ 9 కన్నా చల్లబడితే కాల్షియం క్లోరైడో మెగ్నీషియం క్లోరైడో వాడతారు. కాల్షియం క్లోరైడ్ గాలిలో చెమ్మను లాగేసుకుంటుంది, బస్తా విప్పి వదిలేస్తే ముద్దవుతుంది. నీళ్ళు తగిలితే వేడెక్కుతుంది కూడా, రబ్బరు గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దు. మైనస్ 20ల్లో ఇక ఇసుకే. అది కరిగించదు, కాలు జారకుండా పట్టు మాత్రం ఇస్తుంది.

మోతాదు: మైనస్ 4 నుంచి మైనస్ 9 మధ్య వెయ్యి చదరపు అడుగులకు కిలో నుంచి కిలోన్నర. చల్లాక రాయికీ రాయికీ మధ్య మూడంగుళాల ఖాళీ కనిపించాలి. నేల తెల్లబడిందంటే మోతాదు మించినట్టే. మిగిలిన రాళ్ళు మర్నాడు చీపురుతో ఎత్తి మళ్ళీ వాడుకోవచ్చు, వదిలేస్తే కాలువలోకి పోతాయి. నీళ్ళలో కలిసిన క్లోరైడును తీయడం దాదాపు అయ్యే పని కాదు.

బండికి తగిలించిన ఉప్పు చల్లే స్ప్రెడర్ ఎంత వదులుతోందో కొలవకుండా ఈ లెక్కంతా వృథా. వేరుశనగ గొర్రును విత్తే ముందు సరిచూసుకునే పద్ధతే ఇక్కడా. నేల మీద 50 అడుగులు గీసి, పనిచేసే వేగంతో నడిపి సెకన్లు లెక్కపెట్టండి. పది సెకన్లు పట్టిందనుకుందాం. ఉప్పు ఆరడుగుల వెడల్పున పడుతుంటే 300 చదరపు అడుగులు. వెయ్యికి 1.2 కిలో చొప్పున పడాల్సింది 360 గ్రాములు. బండి నిలిపి, ఉప్పును విసిరే తిరుగుడు పళ్ళెం, అంటే స్పిన్నర్, చుట్టూ పట్టా కట్టి, పది సెకన్లు తిప్పి పడినది తూచండి. ఎక్కువైతే ఉప్పు దిగే గేటు తగ్గించి మళ్ళీ తూచాలి. చిన్న బండ్లలో చాలావాటికి స్ప్రెడర్ మోటారు బండి వేగంతో సంబంధం లేకుండా తిరుగుతుంది. వేగం సగమైతే నేల మీద ఉప్పు రెట్టింపవుతుంది. అందుకే మలుపు దగ్గర, ఆగే ముందు గేటు మూయాలి. మూలల్లో ఉప్పు కుప్పలు కనిపిస్తే కారణం ఇదే.

మంచు పడకముందే ఉప్పునీళ్ళు కొట్టడం అన్నిటికన్నా పొదుపు. ఐసు నేలకు అతుక్కోదు, తర్వాత బ్లేడుకు సులువుగా లేస్తుంది. వంద లీటర్ల నీళ్ళకు 30 కిలోల ఉప్పు కలిపితే బరువులో సుమారు 23 శాతం వస్తుంది. ఆ పాళ్ళలోనే అది మైనస్ 21 దాకా గడ్డకట్టదు. ఇంకాస్త చిక్కగా ఉంటే మంచిదని 40 కిలోలు పోస్తే ఉప్పంతా కరగదు, అడుగున పేరుకుంటుంది, గడ్డకట్టే ఉష్ణోగ్రత మళ్ళీ పైకెక్కుతుంది, నాజిల్ పూడుతుంది. నీళ్ళ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే 1.17, 1.18 మధ్య చూపాలి. వెయ్యి చదరపు అడుగులకు రెండు, మూడు లీటర్లు చాలు. మంచుకు ముందు వాన ఉందంటే కొట్టొద్దు, కడుక్కుపోతుంది. నిండు ట్యాంకుతో ఏటవాలు ర్యాంపు మీద అడ్డంగా పోవద్దు, నిలువుగానే ఎక్కి దిగాలి.

కొత్తగా పోసిన కాంక్రీటు మీద మొదటి చలికాలం ఉప్పు వద్దు, ఇసుకే వేయండి. అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ ఎరువులు చవకగా దొరికినా వాడకూడదు, కాంక్రీటును తినేస్తాయి.

మంచు కంటే ఉప్పే బండికి పెద్ద శత్రువు. ఉప్పును హాపర్‌లో, అంటే స్ప్రెడర్ తొట్టిలో, రాత్రంతా ఉంచితే చెమ్మకు గట్టిపడి, పొద్దున మోటారు తిరగక ఫ్యూజు కొడుతుంది. కొన్నిసార్లు పైన గట్టు కట్టి కింద బోలుగా ఉంటుంది, స్పిన్నర్ తిరుగుతున్నా ఏమీ పడదు. హాపర్‌కు మూత, లోపల జల్లెడ తప్పనిసరి. ప్రతి షిఫ్టు తర్వాత ఖాళీ చేసి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, ఆరాక స్పిన్నర్ షాఫ్టుకు గ్రీజు కొట్టాలి. కరెంటు కనెక్టర్లలో చెమ్మ చొరనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు నింపకపోతే మొదట పోయేవి అవే, లైటు మినుకుమినుకుమంటే ముందు అక్కడే విప్పి చూడండి. ఉప్పునీళ్ళ పంపులో చివరగా మంచినీళ్ళు తిప్పి, ఆ నీళ్ళు కూడా పూర్తిగా వంపేయాలి. పైపులో మిగిలిన మంచినీళ్ళు సున్నాకే గడ్డకట్టి పంపును పగలగొడతాయి.