నాలుగో క్యాపు

పదకొండున్నర అయింది. వీల్ క్యాపులు నాలుగు ఇచ్చాను, మూడే తిరిగొచ్చాయి. ఇంకేం నిద్ర?

మా పాత పద్మిని కారు సంగతే. టైర్లు పగుళ్ళిచ్చాయని మొన్న మొత్తుకున్నాను కదా, ఇవాళ ఆటోనగర్ తీసుకెళ్ళాం. చిన్నాడు నెల్లాళ్ళుగా అలాయ్ వీల్స్ వేయిద్దామని ప్రాణం తీస్తున్నాడు. ఫోన్లో నల్ల అలాయ్‌లు వేసిన పద్మిని ఒకటి చూపించాడు. పంచె కింద స్పోర్ట్స్ షూస్ తొడిగినట్టుంది.

షాపతను మంచి మాటకారి. బండితో వచ్చిన సైజు 5.20-14, నైలాన్ టైరు. దానికి దగ్గరగా వచ్చే ఇప్పటి రేడియల్ టైరు 155/80 ఆర్14. "అదెందుకు మేడమ్, 175/65 వేసేద్దాం, వెడల్పుగా నిండుగా ఉంటుంది" అన్నాడు. లెక్కల టీచర్‌తోనా! అక్కడే బిల్లు వెనకాల వేశాను. 155 టైరు వెడల్పు, అందులో 80 శాతం టైరు పక్క ఎత్తు, అంటే 124, పైనా కిందా కలిపి 248, మధ్యలో పద్నాలుగంగుళాల రిమ్ము 356, మొత్తం 604 మిల్లీమీటర్లు. ఆయన చెప్పినదైతే 583. రెండు సెంటీమీటర్లు పొట్టి. చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఉన్న స్పీడుకన్నా ఎక్కువ చూపిస్తుంది. పైగా పవర్ స్టీరింగ్ లేని బండి, పార్కింగ్‌లో తిప్పేసరికి భుజాలు ఊడొస్తాయి. "అంత లెక్క ఎవరూ చూడరు మేడమ్" అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో గుయ్‌మంటోంది.

అలాయ్ ఒకటి తెచ్చి పెట్టి చూశాడు. బోల్టు కన్నాలు కలవలేదు. "కొంచెం కన్నం పెద్దది చేస్తే కూర్చుంటుంది" ట. చక్రం నిలబడేదే ఆ బోల్టుల మీద! చివరికి లోపల్నుంచి 155లు తెచ్చాడు. పక్కన అంకెలు చూస్తే 1419. అంటే 2019లో 14వ వారం సరుకు, ధర మాత్రం ఇవాళ్టిది. మా ఆయన నన్ను చూసి బయటికెళ్ళి టీ తాగారు. గంటన్నర గొడవయ్యాక పక్క వీధి నుంచి కొత్తవి తెప్పించాడు. మన రిమ్ములు ట్యూబ్‌లెస్ కాలం నాటివి కావు కాబట్టి లోపల ట్యూబులే.

ఈ హడావుడిలో క్యాపు పోయింది. అది కూడా సొట్ట ఉన్నది.

ఆ సొట్ట నా వల్లే. నేను ఆరో తరగతి. శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక చీకట్లో పంక్చరు. నాన్న క్యాపు ఊడదీసి, తిరగేసి, బోల్టులు అందులో వేసి నా చేతికిచ్చారు. ఇంకో చేతిలో టార్చి. పొదల్లో ఏదో కదిలింది. అంతే, టార్చి ఒక పక్క, క్యాపు ఒక పక్క. క్యాపు రాయి మీద ఠంగుమంది. ఎండుటాకుల్లో నాన్న, నేను మోకాళ్ళ మీద పాకుతూ బోల్టులు వెతికాం. అమ్మ కార్లో కూర్చుని విష్ణు సహస్రనామం గట్టిగా చదువుతోంది. మూడు దొరికాయి. నాలుగోది పొద్దున చూస్తే నా గౌను జేబులో ఉంది.

అందుకే అలాయ్‌లు వద్దన్నానేమో. నాన్న బండి నాన్న బండిలాగే ఉండాలని. కానీ ఇది రాస్తుంటే గుర్తొస్తోంది, వెనక సీటు పైనున్న చెక్కను రంపంతో కోయించి ఇంతింత స్పీకర్లు పెట్టించింది ఎవరు? హారన్ మూడుసార్లు మార్పించింది ఎవరు? నాన్నకే ఆ ఫోటో చూపిస్తే చిన్నాడికన్నా ముందు ఆటోనగర్‌లో ఉండేవారు. వాడితో అనవసరంగా గట్టిగా మాట్లాడాను.

టైర్లు మాత్రం బాగున్నాయి. వారధి మీద బండి అటూ ఇటూ లాగకుండా తిన్నగా వచ్చింది.

రేపు పొద్దున్నే షాపుకెళ్ళి అడగాలి. దెబ్బలాడితే ఈయన రానంటారు. అన్నట్టు, పాత స్టెప్నీ డిక్కీలో పడేసింది ఆ షాపు కుర్రాడే కదా. దాని కింద చూడలేదు.

టార్చి ఎక్కడ పెట్టానో.