కడియం లాగ్: మొదటిది విరిగాక రెండోది కుదిరింది

ముందే చెప్పేస్తున్నా, కడియం అంటే నర్సరీల కడియం కాదండి, చేతికి పెట్టుకునేది. ఫోన్‌లో ఆ ముక్క కొట్టి వెతికితే గులాబీ అంట్లు, కొబ్బరి మొక్కలే వస్తున్నాయి, అందుకే కఫ్ అని వెతుకుతున్నా. చివరలు కలవకుండా సందు వదిలి ఉంటుందే, అది. మా మామ్మ అయితే మురుగు అంటుంది, "మీ తాతకీ ఉండేదిరా, ఒక ఏడు పంట పోయినప్పుడు అమ్మేశాం" అని ఒక నిట్టూర్పు కూడా.

నవంబర్. ఆన్‌లైన్‌లో 350 పెట్టి ఒకటి తెప్పించా, గోల్డ్ కలర్, "ఫ్రీ సైజ్" అని రాసుంది. లోపల కొలిస్తే అడ్డంగా 6.5 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత 20 దాటింది, నా మణికట్టేమో పురికొస చుట్టి స్కేల్ మీద పెడితే సరిగ్గా 17. మూడు సెంటీమీటర్లే కదా అనుకున్నా గానీ చెయ్యెత్తితే మోచేతి వైపుకి, దించితే అరచేతి మీదకి, సందు ఎప్పుడు చూసినా పైకే తిరిగుండేది. సరే అని నొక్కి టైట్ చేశా, మరి తియ్యాలంటే మళ్ళీ విప్పాలిగా, రాత్రి విప్పడం పొద్దున్న నొక్కడం, నెలన్నర ఇలా అయ్యాక సరిగ్గా నడిమధ్యలో సన్న గీత పడి ఒకరోజు టక్కుమని రెండు ముక్కలైంది. రేకుని అటూ ఇటూ వంచితే తెగుతుంది చూడండి, అదే లెక్క. పూత అప్పటికే పోయింది, కింద రాగి బయటపడి మణికట్టు చుట్టూ ఆకుపచ్చ చార. చెమటకి రాగి అలాగే దిగుతుంది, సబ్బుతో పోతుంది, కంగారేం లేదు, కానీ మా బావ చూసి "ఏం బావా, పచ్చబొట్టా?" అన్నాడు. ఇప్పటికీ అంటున్నాడు.

జనవరి, పండగ ముందు. పెరవలి దగ్గర అజ్జరం వెళ్ళా, ఇత్తడి బిందెలు గంగాళాలు చేసే ఊరు తెలుసుగా, అక్కడ ఒకాయన్ని బతిమాలి 10 ఎంఎం వెడల్పు 2 ఎంఎం మందం ఉన్న పట్టీ ముక్కలు మూడు తెచ్చుకున్నా. ఒక్కోటి 15 సెంటీమీటర్లకి కోశా. 15 ఎందుకంటే మణికట్టు 17, కొంచెం గాలాడ్డానికి 0.8 కలిపితే 17.8, అందులో సందుకి 2.8 తీసేస్తే మిగిలేది 15. కొయ్యకముందు పాత క్యాలెండర్ అట్ట అదే సైజుకి కత్తిరించి చేతికి చుట్టి చూసుకోండి, నాకు ఈ బుద్ధి ఒక ముక్క పొట్టిగా కోసేశాక వచ్చింది.

వంచడానికి 50 ఎంఎం పీవీసీ పైపులో ఇసుక కూరి దాని మీద పెట్టి కొట్టా. కావాల్సిన దానికంటే సన్న పైపు ఎందుకంటే ఇత్తడి వదలగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది. ఇనప సుత్తి వాడితే అంతా సొట్టలే, చెక్క సుత్తి కావాలి. చివరలు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి తర్వాత నీళ్ళ కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టా. ఇంత చేసీ పెట్టుకుంటే ఎముక మీద నొక్కుతోంది, పక్కల్లో మాత్రం ఖాళీ! అప్పుడు చెయ్యి కొలిచా, వెడల్పు 6, మందం 4.5. మణికట్టు గుండ్రంగా లేదండి బాబూ, కోడిగుడ్డు లాగుంది. అరచేతుల మధ్య పెట్టి పైనుంచి మెల్లిగా అదిమి అదే ఆకారానికి తెచ్చా, అంతే, తిరగడం ఆగిపోయింది. డిజైన్లు చూస్తూ నెలలు పాడుచేశా గానీ అసలు సంగతంతా ఈ ఆకారంలోనే ఉంది.

పెట్టుకునే పద్ధతి కూడా అప్పుడే పట్టుబడింది. ఎదురుగా గుచ్చితే దూరదు, లాగి విప్పకూడదు. మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైన మెత్తగా ఉండే చోట, చెయ్యి పక్కవాటుగా తిప్పి ఒక చివర ముందు ఆనించి, రెండో చివరని కండ మీదుగా దొర్లించినట్టు తిప్పాలి, లోపలికి పోయాక కిందకి జరుపుకోవాలి. తీసేటప్పుడు ఇదే తిరగేసి. చెయ్యి వేలాడేస్తే ఎముక దాటి జారకూడదు, అదే టెస్ట్. భోజనం చేసేది కుడిచేత్తో కాబట్టి నేను ఎడమకే, వాచీ మానేశా, రెండూ ఒకే చేతికుంటే గీతలు పడతాయి.

మార్చి. ధైర్యం వచ్చి వెండికి వెళ్ళా. పాలకొల్లులో ఆచారి గారికి ఇత్తడిది చూపించి ఇదే ఆకారం కావాలన్నా. "మేలిమి వెండి వద్దు బాబూ, మెత్తన, నాల్రోజులకే విచ్చుకుపోద్ది, 925లో చేస్తాను, రాగి పడితేనే బిగువు" అన్నారు. 925 అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది రాగి. 8 ఎంఎం వెడల్పు, 2 ఎంఎం పైన మందం, 28 గ్రాములు తూగింది, తరుగు మజూరీ ముందే మాట్లాడుకున్నా.

ఐదో రోజుకి నల్లబడిపోయింది. వెండి మోసమేమో అని ఒళ్ళు మండింది, కానీ తప్పు నాదే. మాది రొయ్యల చెరువు, అడుగున నల్ల బురద కెలికితే కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది చూడండి, ఆ వాయువులో ఉండే గంధకమే వెండిని నలుపు చేస్తుంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వేడినీళ్ళు, రెండు స్పూన్లు వంటసోడా వేసి కడియం ఫాయిల్‌కి తగిలేలా పెడితే కొద్ది నిమిషాల్లోనే తెల్లబడింది. ఇత్తడికైతే చింతపండే, పట్టించి వెంటనే కడిగి తుడవాలి. ఇప్పుడు గట్టు మీదకి ఏదీ పెట్టుకెళ్ళట్లేదు, పైగా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటు స్టార్టర్ డబ్బా దగ్గర చేతికి లోహం ఉండటం చాలా ప్రమాదం, తడి చేతులు వేరే.

ప్రస్తుతం పచ్చబొట్టు బావకి కూడా ఒకటి కావాలంట. ఆయన మణికట్టు 19, సందు 3 వదిలితే పట్టీ 16.8 వస్తుంది. అట్ట ముక్క చేతికి రబ్బరు బ్యాండేసి ఇచ్చా, రెండు రోజులు అలాగే తిరగమన్నా, నిన్న దాంతోనే పెళ్ళికి వెళ్ళొచ్చాడు.